కత్తిరించిన అంచులు

కిందటివారం కోడలిని మనం చల్లగది గుమ్మంలో వదిలేసి వచ్చాం. ఆమె చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి వారం కిందటిది, మడతలు పడి మెత్తబడింది. రెండోది అప్పుడే యంత్రంలోంచి వచ్చింది, ఇంకా వెచ్చగా ఉంది. ఆ రెండోదాన్ని చదివాక ఆమె గుమ్మానికి ఆనుకోవలసి వచ్చింది.

వాటిలో ఏముందో చెప్పేముందు, ఈ కథలోకి కొత్తగా వచ్చినవాళ్ల కోసం నాలుగు మాటలు. పాతవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

మన ఒంట్లో ప్రతి జన్యువూ తన పని చేయించుకోవడానికి ఒక చీటీ రాసి పంపుతుంది. కణం ఆ చీటీ చదివి ప్రొటీను తయారు చేస్తుంది. ఆ చీటీల తోకలకు అంటుకుని "ఇక చాల్లే, ఊరుకో" అని నోరు మూయించే చిన్న ముక్కలు కొన్ని ఉంటాయి. ఇరవై రెండు అక్షరాల పొడుగు, అంతే. వాటినే మైక్రో ఆర్‌ఎన్‌ఏలు అంటారు. ఏ ముక్క ఎవరి నోరు మూయిస్తోందో తెలియాలంటే, అలాంటివే కృత్రిమంగా చేయించి, కణాల్లోకి పంపి చూడాలి. కోడలి మావగారైన మాస్టారి ల్యాబులో అలాంటివి మూడున్నాయి. మూడింటికీ ముద్దుపేర్లు పెట్టింది మాస్టారి భార్య, కోడలి అత్తయ్య. అచ్చం ఆ ముక్కలాగే ఉండేది నకలు. దాన్ని పోస్తే జన్యువు ఇంకా అణిగిపోతుంది. ఆ ముక్కను పట్టుకుని కదలనివ్వనిది అడ్డుపుల్ల. దాన్ని పోస్తే జన్యువు గొంతు విప్పుతుంది. మూడోది మౌని. అక్షరాలు అవే, కలగాపులగంగా కలిపినవి. ఏ చీటీకీ అతకదు, ఎవరి జోలికీ పోదు. మిగతావి ఎంత పని చేశాయో దాని పక్కన పెట్టి కొలుస్తారు. ఏమీ చేయకుండా ఉండడమే దాని ఉద్యోగం.

మాస్టారు పట్టుకున్న జన్యువు, కండరాన్ని కండరంగా నిలబెట్టే ప్రొటీనుది. అది తక్కువైన పిల్లలు నడక నేర్చుకుని, మళ్లీ మరిచిపోతారు. అడ్డుపుల్ల పోసిన కణాల్లో ఆ ప్రొటీను, మౌని పోసిన కణాలకన్నా రెట్టింపు అవుతుందని ల్యాబు ఆరేళ్లుగా చెబుతోంది. కణాల్లో చూపించింది, ఎలుకల్లో చూపించింది. ఆ మాట నమ్మి పెద్దాసుపత్రి పదిమంది పిల్లలను ఎంచుకుంది. ఐదుగురికి అడ్డుపుల్ల, పోల్చి చూడడానికి ఐదుగురికి మౌని. ఎవరికి ఏదన్నది డాక్టరుకూ తెలియదు, కన్నవాళ్లకూ తెలియదు. సీసాల మీద అంకెలు మాత్రమే ఉంటాయి. ఏ అంకె దేనిదో రాసిన కాగితం సీలు వేసిన కవరులో, మాస్టారి సొరుగులో ఉంది.

మొదటి సూది రేపు పొద్దున పదింటికి.

పోయిన పక్షం ఆసుపత్రి కమిటీ చిన్న కోరిక కోరింది. అసలేమీ పోయని కణాలను కూడా ఒక వరస పెట్టి చూపండి, ఫైలు నిండుగా ఉంటుంది అంది. కోడలు పెట్టింది. ఏమీ పోయనివి ఒక వరస. మందును మోసుకెళ్లే కొవ్వుబొట్లు మాత్రమే పోసినవి ఇంకో వరస. ఆ రెండింట్లోనూ ప్రొటీను నూరు. అడ్డుపుల్ల పోసినవాటిలో నూట పది. మౌని పోసినవాటిలో యాభై.

అంటే అడ్డుపుల్ల రెట్టింపు చేయడం లేదు. మౌని సగం చేస్తోంది.

అదీ పాత కాగితం సంగతి. కొత్త కాగితం మరీ విచిత్రంగా ఉంది. దాన్ని మాస్టారి ముందు పెట్టినప్పుడే మనమూ చూద్దాం.

*

"ఏంటి కొలతలమ్మా, గుమ్మానికి బల్లిలా అతుక్కుపోయావు?"

కడిగిన గాజుసామాను బండి తోసుకుంటూ ఆయమ్మ వచ్చింది. ఆ ల్యాబులో ఇరవై ఏళ్లుగా సీసాలు కడుగుతున్న మనిషి. ఏదైనా మూడుసార్లు కొలిస్తే తప్ప నమ్మదని కోడలికి ఆ పేరు పెట్టింది ఆవిడే.

"ఏం లేదు ఆయమ్మా. చలి."

"చలి లోపల కదా ఉండేది! బయటికొచ్చి వణుకుతున్నావేంటి తల్లీ?" ఆయమ్మ బండి ఆపి, ముందు కట్టుకున్న గుడ్డకి చేతులు తుడుచుకుని, కోడలి చేతిని రెండు అరచేతుల మధ్య పెట్టి రుద్దింది. వేడినీళ్లలో నాని నాని ముడతలు పడిన చేతులవి. "రేపు నేను రాను. మాస్టారితో చెప్పాను. మా పిచ్చుకది రేపేగా."

పిచ్చుక ఆయమ్మ కూతురి కూతురు. ఏడేళ్లు. పదిమంది పిల్లల జాబితాలో మొదటి పేరు.

"ఎలా ఉంది?"

"దానికేం, మహారాణి. నిన్ననే తీసుకెళ్లి వార్డులో చేర్చారు. ఆసుపత్రికి పదకొండు మెట్లున్నాయా, నాలుగు ఎక్కింది. ఐదోదాని మీద కూలబడింది. పడ్డావా అంటే ఒప్పుకోదు. 'నేను ఇక్కడ ఆగాను అమ్మమ్మా' అంటుంది. అక్కడే కూర్చుని వచ్చేపోయేవాళ్లందర్నీ పేరుపేరునా పలకరించింది. ఎత్తుకుంటానంటే మా అల్లుణ్ని కొట్టింది."

కోడలు నవ్వబోయింది. రాలేదు.

"ఒకవేళ మౌని వచ్చినా పరవాలేదటగా?" ఆయమ్మ గొంతు తగ్గించింది. "డాక్టరు చెప్పాడు మా అమ్మాయికి. అసలు మందు వస్తే మేలు, రెండోది వస్తే నీళ్లతో సమానం, కీడు మాత్రం ఉండదమ్మా అని. ఆ ఒక్కమాట మీదే సంతకం పెట్టింది. నాలుగు మెట్లు పదకొండు కాకపోయినా, నాలుగు నాలుగుగా ఉంటే చాలు అంది."

"ఆయమ్మా, నేను మాస్టారి దగ్గరికి వెళ్లొస్తాను," అంది కోడలు, చెయ్యి విడిపించుకుంటూ.

"వెళ్లు వెళ్లు. ఆ మొహం కాస్త కడుక్కుని వెళ్లు. ఆయనసలే బెంగపెట్టుకునే మనిషి."

*

ఆ ల్యాబు తలుపు దగ్గర ఒక నియమం ఉంది. పెట్టింది అత్తయ్యే. "ఈ గడప ఇవతల మొగుడూ లేడు, పెళ్లామూ లేదు, అత్తా లేదు, కోడలూ లేదు. లోపల అందరం పనివాళ్లం." అందుకే ఇంట్లో మావయ్యా అని పిలిచే మనిషిని ఇక్కడ మాస్టారూ అనడం కోడలికి తొమ్మిదేళ్లుగా అలవాటు. మాస్టారి కొడుకు వంతెనలు కట్టే ఇంజనీరు. కణాలంటే ఆమడ దూరం ఉంటాడు. పెళ్లిచూపుల్లో పిల్ల చదువు సంగతి వినగానే అత్తయ్య కొడుకు వైపు తిరిగి, "నీకు నచ్చినా నచ్చకపోయినా నాకు నచ్చింది," అందని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

ఆవిడ పోయి ఆరేళ్లు.

కోడలు వెళ్లేసరికి మాస్టారు కిటికీ దగ్గర, గాజుగ్లాసు ఒక చేత్తో, అట్టముక్క ఒక చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. అద్దానికి కొట్టుకుంటున్న ఒక కందిరీగను గ్లాసులోకి మళ్లిస్తున్నారు.

"ఒక్క నిమిషం అమ్మాయ్. ఈయనగారు దారి తప్పారు." అట్ట కింద దూర్చి, కిటికీ తెరిచి, బయట వదిలారు. అది వెళ్లేదాకా చూశారు. "కమిటీ అడిగిన అంకెలేనా? పత్రంలో చేర్చి ఐదులోపు సంతకం పెట్టి పంపాలి. ఇలా తే."

మాస్టారి బల్ల వెనక గోడకు జానెడు పొడుగు చట్రం ఒకటుంది. అందులో ఒక కార్డు మీద అత్తయ్య చేతిరాతతో ఒక్క వరస, ఇరవై రెండు అక్షరాలు. అడుగున ఆవిడ సంతకం. మౌని అదే. ల్యాబులో కొత్తగా చేరినవాళ్లకు మాస్టారు మొదట ఆ వరస చూపించేవారు. నకలూ, అడ్డుపుల్లా కంపెనీ జాబితాలో తయారుగా ఉంటాయి, నంబరు చెబితే పంపుతారు. మౌని ఒక్కదానికే అక్షరాలు మనం రాసి పంపాలి. అత్తయ్య పోయాక ప్రతిసారీ మాస్టారే, ఆ చట్రం ముందు నిలబడి, ఒక్కొక్క అక్షరం చూసి రాసి పంపేవారు. ఆ పని ఇంకెవరికీ ఇవ్వలేదు.

కోడలు పాత కాగితం బల్ల మీద పెట్టింది.

"మాస్టారూ, మౌని ఊరుకోవడం లేదు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివారు. రెండోసారి వేలు పెట్టి చదివారు.

"గొట్టాలు మారాయేమో."

"మొదట నేనూ అదే అనుకున్నాను. కొత్త గొట్టాలు తీసి చేశాను."

"పిపెట్ సరిగా కొలుస్తోందా?"

"నీళ్లు తీసి తూకం వేసి చూశాను. సరిగానే ఉంది."

"కణాలు ముసలివైపోయి ఉంటాయి."

"కొత్తవి కరిగించి పెంచాను. మూడు పళ్లేలు పక్కపక్కనే పెట్టి చేశాను. వారం నుంచి నా చేతులదే తప్పు అయి ఉంటే బాగుండునని చూస్తున్నాను, మాస్టారూ. కాలేదు."

మాస్టారు కాగితాన్ని తిరిగి ఆమె వైపు జరిపారు. గొంతు పెంచే మనిషి కాదాయన. కోపం వస్తే మాటల మధ్య ఎడం పెరుగుతుంది.

"ఆ వరసని మీ అత్తయ్య నాలుగు నెలలు కూర్చుని రాసింది. ఒంట్లో ఉన్న చీటీలన్నిటితో సరిచూసింది. వేలకు వేలు. ఒక్కదానికీ అతకదని తేలాక గాని కలం మూయలేదు. దాన్ని అనుమానించాలంటే..."

ఆపేశారు.

"ఇప్పుడు మనం వాడుతున్న మౌని తలదగ్గర ఏడు అక్షరాలు, మన జన్యువు చీటీ తోకలో ఒకచోట అచ్చంగా అతుకుతున్నాయి. నేను కంప్యూటర్లో పెట్టి చూశాను. చూడడానికి ఒక్క నిమిషం పట్టింది. అత్తయ్యకి నాలుగు నెలల్లో కనబడకుండా ఎలా పోయింది?"

మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి, చట్రం వైపు తిరిగారు.

"తనున్నన్నాళ్లూ అడ్డుపుల్ల పదికి మించి చూపించలేదు. నూటికి పది. 'ఇది చాలదండీ, ఇంకా వెతకాలి' అనేది. మంచం మీద కూడా అదే. తను పోయిన రెండో నెలలో నేను ఒక్కణ్నే కూర్చుని చేశాను. రెట్టింపు వచ్చింది. ఈ కుర్చీలోనే కూర్చున్నాను ఆ పూట. తను వెళ్లి అక్కణ్నుంచి పంపిందనుకున్నాను." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సైన్సు చదువుకున్నవాణ్ని. అయినా అలాగే అనుకున్నాను."

కోడలికి ఇక్కడితో ఆగిపోతే ఎంత బాగుండునని ఒక్క క్షణం అనిపించింది. ఐదోమెట్టు మీద కూర్చున్న పిల్ల గుర్తొచ్చింది. రెండో కాగితం తీసింది.

"మావయ్యా," అంది.

గడప ఇవతల ఆ మాట తొమ్మిదేళ్లలో అదే మొదటిసారి. ఇద్దరికీ వినబడింది. ఇద్దరూ దిద్దుకోలేదు.

"పెద్ద ఫ్రిజ్ అడుగున మంచు గీకుతుంటే ఒక డబ్బా దొరికింది. అత్తయ్య నాటిది. అందులో ఒకటే గొట్టం మిగిలింది. మూత మీద ఆవిడ రాతే, 'మౌని' అని. విప్పని గొట్టం. దాన్ని కూడా ఈసారి పళ్లెంలో పెట్టాను. ఇదిగో."

మాస్టారు చదివారు. ఏమీ పోయనివి నూరు. కొత్త మౌని యాభై. పాత మౌని తొంభై తొమ్మిది.

గదిలో కిటికీ తలుపు గాలికి ఒకసారి కొట్టుకుంది.

"పాతది ఊరుకుంది," అన్నారాయన నెమ్మదిగా.

"ఊరుకుంది. పేరు ఒకటే, పని వేరు. అందుకే అత్తయ్య ఫైలు తీసి, కంపెనీవాళ్లు అప్పట్లో గొట్టాలతో పంపిన వరస చీటీ చూశాను. ఇప్పటి చీటీలో అక్షరాలు వేరేగా ఉన్నాయి. అత్తయ్య ఆఖర్లో మౌనిని మార్చారా? మీకేమైనా చెప్పారా?"

"మార్చలేదు. మారిస్తే చెప్పేది." చెయ్యి చాపారు. "రెండు చీటీలూ ఇలా పెట్టు."

కోడలు బల్ల మీద ఒకదాని కింద ఒకటి పెట్టింది. పైన అత్తయ్య తెప్పించినది, కింద మాస్టారు తెప్పించినది. ఇరవై రెండు, ఇరవై రెండు. మాస్టారు పెన్సిలు మొన పైదాని మొదటి అక్షరం మీద పెట్టారు. కిందదాని మొదటి అక్షరం చూశారు. పొంతన లేదు. రెండోదీ లేదు. మూడోదీ లేదు. తర్వాత ఎడమచేతి చూపుడువేలు తీసుకెళ్లి కిందివరస చివరి అక్షరం మీద పెట్టారు.

పెన్సిలు కుడివైపుకి ఒక అక్షరం జరిగింది. వేలు ఎడమవైపుకి ఒక అక్షరం జరిగింది. మళ్లీ ఒకటి. మళ్లీ ఒకటి. పెన్సిలూ వేలూ ఎదురెదురుగా నడిచి, మధ్యలో ఒకదాన్నొకటి దాటుకుని, చివరిదాకా వెళ్లాయి. ఇరవై రెండూ కలిశాయి.

కోడలు నోటిమీద చెయ్యి పెట్టుకుంది.

"తలకిందులు," అన్నారు మాస్టారు. "ఆరేళ్లు నేను మౌనిని తలకిందులుగా చేయించాను."

"కానీ మీరు కార్డు చూసే కదా రాసేది! అక్షరం అక్షరం!"

ఆయన లేచారు. చట్రాన్ని మేకు మీదినుంచి దించి, బల్ల మీద బోర్లా పడుకోబెట్టారు. వెనక అట్టను పట్టుకున్న నాలుగు చిన్న మేకులనూ గోటితో తిప్పడానికి చాలాసేపు పట్టింది. కోడలు సాయం చేయబోతే వద్దన్నట్టు తల ఊపారు. అట్ట లేచింది. దాని కింద కాగితం ముక్కలు మూడు, మడతపెట్టి ఉన్నాయి.

"తను పోయిన నెలకి చట్రం కట్టాను," అన్నారాయన, ముక్కల్ని విప్పుతూ. "కార్డు పెద్దది, చట్రం చిన్నది. ఆ చట్రం తనకిష్టం, మారుద్దామంటే మనసొప్పలేదు. అడుగు వరసా, సంతకం ఉంచి, మిగతాది కత్తిరించాను. తన చెయ్యి పడిన కాగితం పారేయలేక ముక్కలు వెనక పెట్టాను."

ముక్కల్ని కార్డు చుట్టూ పేర్చారు. పైన రెండు వరసలున్న పెద్ద ముక్క. ఎడమన ఒక సన్నటి అంచు, కుడిన ఒక సన్నటి అంచు. ఇప్పుడు కార్డు అత్తయ్య రాసినట్టు ఉంది. మొదటి వరస జన్యువు చీటీ తోక. దాని కింద దానికి అతుక్కునే మైక్రో ఆర్‌ఎన్‌ఏ. దాని కింద మౌని, ఎక్కడెక్కడ అతకడం లేదో కంటికి కనబడేలా.

ఇలాంటి అక్షరాల దారాలకు తల ఒకవైపు, తోక ఒకవైపు ఉంటాయి. తలవైపు ఐదు అనీ, తోకవైపు మూడు అనీ చిన్న అంకెలు వేస్తారు. రెండు దారాలు జతపడేటప్పుడు ఎదురెదురుగా పడుకుంటాయి, ఒకదాని తల దగ్గర ఇంకొకదాని తోక. అందుకే పైదాన్ని ఎడమ నుంచి కుడికి రాస్తే, కిందివాటిని కుడి నుంచి ఎడమకి చదువుకోవాలి. కంపెనీకి మాత్రం ఎప్పుడూ తల నుంచే రాసి పంపాలి.

మౌని వరసకు కుడిపక్క ముక్క మీద, పెన్సిలుతో, ఆవగింజంత ఐదు ఉంది. పక్కన ఎడమకు చూస్తున్న చిన్న బాణం కూడా వేసిందావిడ.

"మొదటి సంవత్సరం పిల్లలకి నేనే చెబుతాను ఈ పాఠం," అన్నారు మాస్టారు. "తల ఎటో చూసుకోండ్రా అని. ఈ చట్రం ముందు నిలబడ్డ ప్రతిసారీ నాకు కనబడింది అక్షరాలు కాదమ్మా. తన రాత."

కోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఎదురుగా కాక, పక్కన. కార్డు వైపు చూస్తూ అంది:

"అత్తయ్య తప్పు చేయలేదు మావయ్యా."

"చేయలేదు." ఆయన ఐదు అంకె ఉన్న ముక్కని బొటనవేలితో నిమిరారు. "తన మౌని తొంభై తొమ్మిది. అది చాలు నాకు ఈ పూటకి."

తర్వాత ఆయన లేచి నిలబడినప్పుడు మావయ్యగా కాదు, మాస్టారుగా లేచారు. సంతకం కోసం బల్ల మీద సిద్ధంగా ఉన్న కమిటీ పత్రాన్ని అడ్డంగా చింపి బుట్టలో వేశారు. ఆసుపత్రి డాక్టరుకు ఫోన్ చేశారు. లైను ఖాళీ లేదు. మళ్లీ చేశారు. ఖాళీ లేదు. "రేపు పదింటిదాకా టైముంది. ముందు రాతలో పెడదాం," అని తెల్లకాగితం తీశారు.

"సీసాల్లో ఉన్నదీ మీరు పంపిన వరసే కదా?" అడిగింది కోడలు. అడగకుండా ఉండలేక అడిగింది.

"అదే. ఐదు సీసాల్లో అడ్డుపుల్ల. అది పది ఇస్తుంది, మీ అత్తయ్య చెప్పినట్టే. ఐదింట్లో..." కలం ఆగింది. "మౌని పోశాక ఎలుకలు నీరసంగా ఉన్నాయని నువ్వు ఒకసారి రాశావు. సూది పోటుకి అనుకున్నాం."

"రాశాను," అంది కోడలు.

మాస్టారు రాశారు. రేపటి సూదులన్నీ ఆపండి. పోలిక కోసం ఇచ్చిన మందు హానిచేసేది. తప్పు నాది.

"ల్యాబులో జరిగిన పొరపాటు అని రాయండి మావయ్యా. అందరం చేసిన పనే కదా. గొట్టాలు పట్టింది నేను."

"ల్యాబుకి కత్తెర పట్టుకునే చేతులు లేవమ్మా," అన్నారాయన. సంతకం పెట్టారు.

ఆరేళ్లలో ఆయన అంత తేలిగ్గా ఊపిరి పీల్చుకోవడం కోడలు చూడలేదు. కట్టుకున్న పనంతా మునిగింది. మనిషి ఇంకా నిలబడే ఉన్నాడు. రేపు పదింటికి మొదలవ్వాల్సినది మొదలవ్వదు. పిచ్చుక నాలుగు మెట్లూ నాలుగుగానే ఉంటాయి. ఆమె కాగితాన్ని కవరులో పెట్టి, తనే తీసుకెళ్లి ఇచ్చొస్తానని లేచింది.

అప్పుడే తలుపు తట్టకుండా ఆయమ్మ వచ్చింది. తలుపు తట్టకుండా ఆవిడ ఎన్నడూ రాలేదు. చేతులింకా తడిగా ఉన్నాయి. మొహమంతా నవ్వు.

"మాస్టారూ! రేపు సెలవు అక్కర్లేదండీ! అయిపోయింది!"

"ఏం అయిపోయింది?" అన్నారు మాస్టారు.

"సూదండీ! మా అమ్మాయి ఇప్పుడే ఫోన్ చేసింది. రేపు మత్తు ఇచ్చే డాక్టరు సెలవంట. పిల్లదానికి ఈ పూట ఒళ్లు బాగుంది, ఇప్పుడే కానిచ్చేద్దాం అన్నారంట. మధ్యాహ్నమే ఇచ్చేశారు. ఏడవలేదంట ముండ! డాక్టరుకే ధైర్యం చెప్పిందంట, 'కళ్లు మూసుకోండి, నొప్పి ఉండదు' అని." ఆయమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. "సీసా మీది చీటీ దానికే ఇచ్చారంట. గౌనుకి అంటించుకుని వార్డంతా చూపిస్తోందంట. ఏడో నంబరు. దాని వయసూ ఏడే కదండీ, కలిసొచ్చింది."

కోడలు చేతిలోని కవరు వంగిపోయింది. ఎంత గట్టిగా పట్టుకుందో ఆమెకే తెలియలేదు.

మాస్టారు సొరుగు తెరిచారు. సీలు వేసిన కవరు తీశారు. పిల్లలకు ముప్పు వస్తే తప్ప తెరవరాదని దాని మీద ఆయనే రాసుకున్నారు. ఎర్ర లక్క కింద చాకు మొన దూర్చారు. లక్క చిట్లి, అత్తయ్య కార్డు ముక్కల మీద రాలింది. లోపలి కాగితంలో పది వరసలు. ఆయన వేలు మొదటి వరస మీద పెట్టి, కిందికి జరిపారు. రెండు. మూడు. నాలుగు. ఏడు దగ్గర ఆగింది.

కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి బల్ల మీద ఉంచారు. దాని మీద చెయ్యి పెట్టారు. తర్వాత లేచి, తన కుర్చీని పట్టుకుని, బల్ల చుట్టూ తిప్పి తీసుకొచ్చి ఆయమ్మ ముందు వేశారు.

"ఆయమ్మా, ముందు కూర్చో."

ఇరవై ఏళ్లలో ఆ గదిలో ఆవిడ కూర్చోలేదు. ఎవరూ కూర్చోమనలేదు, ఆవిడకీ తోచలేదు.

"నేనాండీ? చేతులు తడి. కుర్చీ తడుస్తుంది."

"తడవనీ అమ్మా."

ఆయమ్మ కోడలి వైపు చూసింది. మళ్లీ మాస్టారి వైపు చూసింది. మొహం మీది నవ్వు ఎటు పోవాలో తెలియక అక్కడే నిలిచిపోయింది. చేతులు ముందుగుడ్డకి తుడుచుకుని, పిలిస్తే వెంటనే లేవడానికి వీలుగా, కుర్చీ అంచున కూర్చుంది.

"చెప్పండి," అంది.